తొమ్మిదో నంబరు ఫోటో

ఫిబ్రవరి పంతొమ్మిది. ఆ రోజు మధ్యాహ్నం లోపల నా కడుపులోకి వెళ్ళినవి రెండే. పొద్దున రెండు బ్రెడ్డు ముక్కలు, పదకొండింటికి ఒక చెంచాడు విరిగిన పాలు.

ఆ పాలు పట్టించింది మానసిక వైద్య విభాగంలోని డాక్టరమ్మ. నేను ఆ ఆసుపత్రి ఫోటోగ్రాఫర్ని. మొహం చూసి భావం గుర్తుపట్టే పరీక్ష ఒకటి రోగులకి పెట్టడానికి రకరకాల మొహాల ఫోటోలు కావాలంది. నవ్వు, ఏడుపు, భయం స్టాఫంతా బాగానే నటించారు. అసహ్యం దగ్గరికొచ్చేసరికి ఒక్క మొహమూ నమ్మేలా లేదు.

"కెమెరా ఇటిచ్చి, ఈ చెంచా పుచ్చుకోండి," అందావిడ.

అలా తొమ్మిదో నంబరు ఫోటో నాదైంది.

మార్చిలో ఆ ఫోటోలు చూపించే పని కూడా నాకే పడింది. నా ఎదురుగా కూర్చున్నది, లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టే అమ్మాయి. కడిగి కడిగి ఎర్రబారిన చేతులు. ఓసీడీ, అంటే చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు. రాత్రిళ్ళు వీధి తలుపు గడియ పదిసార్లు చూసుకుంటే గాని నిద్రపోలేదట.

"ఎనిమిది?"

"భయం."

"తొమ్మిది?"

ఫోటోని చూసింది. నన్ను చూసింది. "కోపం. అబ్బో, ఎవరి మీదండీ అంత కోపం?"

"పాల మీద," అని జరిగింది చెప్పాను.

పకపకా నవ్వింది. అంతలోనే ఆగిపోయింది. "అయితే నేను కోపం అనుకునేవన్నీ కోపాలు కావా?"

"ఈ జబ్బున్న కొందరికి అసహ్యం కోపంలా కనిపిస్తుందమ్మా," అంది పక్కనే కూర్చుని రాసుకుంటున్న డాక్టరమ్మ. "అనుమానమొస్తే ఊహించకు. అడుగు."

ఆ మాట గట్టిగా పట్టుకుంది. ప్రతి గురువారం వైద్యానికొచ్చి, అయ్యాక క్యాంటీన్ కిటికీ పక్కన నాకెదురుగా కూర్చునేది.

"ఇప్పుడేంటి, కోపమా?"

"కళ్ళల్లో ఎండ."

"మరిప్పుడు?"

"కొత్త చెప్పు కరుస్తోంది."

వానలు మొదలయ్యేసరికి నా వారంలో గురువారం తప్ప రోజు లేకుండా పోయింది. ఒక గురువారం చెప్పేద్దామనే వచ్చాను. బయట జోరువాన. ఆమె కప్పు అంచుని రుమాలుతో మూడోసారి తుడుస్తోంది. ధైర్యం కోసం నేను ఒక గుక్క టీ తాగాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. ఏమీ అడగలేదు. కప్పు కింద పెట్టి, గొడుగు కూడా మరిచి వానలోకి వెళ్ళిపోయింది.

మూడు గురువారాలు రాలేదు. ఇక రాదేమోనని భయమేసింది. గొడుగూ, తొమ్మిదో నంబరు ఫోటో పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ వదిన తలుపు తీసింది. ఆమె మాత్రం తన గది గుమ్మంలోనే ఆగిపోయింది.

ఫోటోని నా చెంప పక్కన పెట్టుకున్నాను. "ఆ రోజు నా మొహం ఇలా ఉందా?"

"అచ్చం ఇలాగే."

"ఇది కోపం కాదండీ!"

"తెలుసు," అంది మెల్లగా. "మొదటిసారి కరెక్టుగా గుర్తుపట్టాను. నేను కప్పు తుడుస్తుంటే మీకు అసహ్యమేసింది. నా మీదేనా అని అడగడానికి నోరు రాలేదు."

"మీ మీదా? టీ మీద! పాలు విరిగాయి. తుడుస్తూ కూర్చున్నారు కాబట్టి మీరు బతికిపోయారు."

వదినగారికి నవ్వాగలేదు. "పాపం, పాలు ఈయన్ని పగబట్టాయే!"

"అసలు ఆ గుక్క తాగింది ధైర్యం కోసం. మీతో ఒక మాట చెబుదామని."

"నేనెళ్ళి మంచి పాలతో టీ పెట్టుకొస్తాను," అంటూ వదిన లోపలికి నడిచింది. "తొందరేం లేదు, మెల్లగానే పెడతాను."

ఆమె నా దగ్గరకొచ్చి, మొహాన్ని పాఠంలా చదివింది. "భయం. ఎనిమిదో నంబరు."

"దాని వెనకాల?"

చాలాసేపు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. "దానికి మీ డాక్టరమ్మ దగ్గర ఫోటో లేదు," అంది.

పెళ్ళయి మా చిన్న ఇంట్లో మొదటి రాత్రి. ఆ వారానికి డాక్టరమ్మ పెట్టిన హద్దు, గడియ చూడ్డం నాలుగుసార్లకి మించకూడదని. రెండోసారి చూసొచ్చి, గుమ్మంలో నిలబడి నన్ను అడిగింది.

"కోపమా?"

"కాదు."

"అసహ్యమా?"

"కాదు."

"మరా మొహమేంటి?"

"నిద్ర."

నవ్వుకుంటూ మూడోసారి వెళ్ళింది. నాలుగోసారి వెళ్ళలేదు. ఒక్క క్షణం తటపటాయించి, చప్పుడు కాకుండా గది తలుపు దగ్గరకి వేసింది.