చేప కళ్ళు

నల్ల పెయింట్ నిగనిగలాడుతూ పరుచుకుంది. అతను ఎయిర్ బ్రష్ పక్కన పెట్టి ఊపిరి బిగబట్టాడు.

బాయిలర్ మీద చిన్న చుక్క విచ్చుకుంది. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే ఆ అరచేయంత ఇత్తడి ఇంజన్ నిండా ఆవగింజల్లాంటి గుంటలు పడ్డాయి. ప్రతి గుంట అడుగు నుంచీ బూడిదరంగు ప్రైమర్ గుడ్లప్పగించి చూస్తోంది.

"మళ్ళీనా?" అంది వెనక నుంచి అక్క.

"మళ్ళీనే."

ఇది మూడోసారి. పెయింట్ ఊడగొట్టడం, స్పిరిట్‌తో తుడవడం, మళ్ళీ కొట్టడం, మళ్ళీ ఇదే వరస. కస్టమర్ ఒక రిటైరైన ఇంజన్ డ్రైవర్. తాను నడిపిన ఇంజన్‌నే బొమ్మగా చేయించుకుంటున్నాడు. "నా బండి ఎంతవరకు వచ్చింది బాబూ?" అని రోజూ ఫోను. రేపు వస్తున్నాడు.

పెయింటర్లు ఈ గుంటల్ని చేప కళ్ళంటారు. ఎక్కడో జిడ్డు తగిలితేనే వస్తాయి. ఆ జిడ్డు ఎవరిది? మేడ మీది గదిలో ఇప్పుడు నలుగుతున్న కేసు అదే.

అక్క దగ్గర ముద్దాయి ఎప్పుడో రెడీగా ఉంది.

"ఇన్నేళ్ళుగా రైలింజన్లకి రంగులేస్తున్నావు. ఒక్కసారైనా ఇలా అయిందా? ఆ ట్రయల్ పిల్ల గడప తొక్కింది, నీ ఇంజన్లకి అమ్మవారు పోసింది."

"మెల్లగా అక్కా. వినిపిస్తుంది."

"వినపడాలనే అంటున్నాను."

వినిపించింది కూడా. కిటికీ దగ్గరి బల్ల మీద ఇంకో ఇంజన్‌కి ఎర్ర గీత గీస్తున్న అమ్మాయి చెయ్యి ఆగింది. ఆగినా గీత వంకర పోలేదు. ఆ అమ్మాయి గీసిన గీత చూస్తే రూళ్ళకర్రకే సిగ్గేస్తుంది. నెల రోజులు ట్రయల్ అని చెప్పి పెట్టుకున్నాడు. ఆ నెల ఇవాళ్టితో ఆఖరు.

ఆర్డర్లు పేరుకుపోతున్నాయి, మనిషి కావాలి. అందులో అక్కకీ అనుమానం లేదు. కావలసింది ఈ మనిషేనా అన్నదే పేచీ. అక్క బిల్లులు, పార్సిళ్ళు చూస్తుంది, తమ్ముణ్ణి గూడ్సు బండి అని పిలుస్తుంది. ఎక్కడ పడితే అక్కడ ఆగిపోతాడని. ఇప్పుడూ ఆగిపోయాడు. ఉండమనడానికి నోరు రాలేదు, వెళ్ళమనడానికి అసలే రాలేదు.

బయట వాన మొదలైంది. చినుకులు కిటికీ అద్దాన్ని వేళ్ళతో కొట్టి పిలుస్తున్నట్టున్నాయి.

ఆ అమ్మాయి లేచి ఏప్రాన్ విప్పి, బ్యాగు తీసి బల్ల మీద పెట్టింది. తన సొంత బ్రష్షులు ఒక్కొక్కటే అందులో సర్దుతోంటే అతని గుండె ఒక్కొక్క మెట్టే కిందికి దిగుతోంది.

"ఏవండీ, ఆగండి. ఇదంతా కంప్రెసర్ వల్లేమో. దాన్లోంచి ఆయిల్ వస్తోందేమో."

"నిన్న ఫిల్టరు మార్చాం కదా సార్. ఇద్దరం కలిసే."

"పోనీ వాన. గాల్లో తేమ."

"తేమైతే పెయింట్ పాలలా తెల్లబడుతుంది. గుంటలు పడవు." ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది. నవ్వులో దిగులుంది. "నన్ను కాపాడాలని వానని ఇరికించకండి. పాపం, అది ఇప్పుడే వచ్చింది."

అతను అలవాటుగా జుట్టు వెనక్కి తోసుకున్నాడు.

"వెళ్తానండీ," అంది ఆ అమ్మాయి అక్కతో. "కానీ పాడు చేసిందన్న పేరు మోసుకుని వెళ్ళను. ఇంకో చోట పని అడగాలంటే నాకు మొహం ఉండాలి కదా. ఒక్క టెస్ట్ చేద్దాం."

"ఏం టెస్టు?"

"మూడు ఇత్తడి ముక్కలు. ఒకటి మీకు, ఒకటి సార్‌కి, ఒకటి నాకు. స్పిరిట్‌తో తుడిచాక, ఇంజన్ని స్టాండుకి బిగించేటప్పుడు ఎలా పట్టుకుంటామో అలా పట్టుకుందాం. వెనక నంబరు గీసి మీరే కలిపెయ్యండి. ఏది ఎవరిదో తెలియకుండా సార్ పెయింట్ కొడతారు."

"మరి నీ గ్లౌజులు?" అంది అక్క.

"తీసేస్తాను. మీలాగే వట్టి చేతులతో పట్టుకుంటాను."

అక్క ఒక్క క్షణం తటపటాయించింది. "నా చేతుల్లోనూ జిడ్డుంటుందా?" అని అరచేతులు చూసుకుంది. తర్వాత కొంగు దోపింది. "కానియ్. దొంగెవరో బయటపడాలి."

ముక్కలు తుడిచారు, పట్టుకున్నారు. అక్క వీపు తిప్పి పేక కలిపినట్టు కలిపి పలక మీద పేర్చింది. అతను ట్రిగ్గర్ నొక్కాడు. నల్ల పొగమంచు మూడు ముక్కల మీదా సమానంగా వాలింది.

అక్క ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ అమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. కానీ చూస్తున్నది ముక్కల్ని కాదు, అతన్ని. "దేవుడా, ఆ అమ్మాయిది మాత్రం కాకూడదు" అనుకున్నాడతను.

ఆ చూపు తగలగానే మళ్ళీ అతని చెయ్యి జుట్టు మీదికి పోయింది. దించుతుంటే బల్ల దీపం వెలుగులో వేళ్ళు తళుక్కుమన్నాయి.

అతను వేళ్ళకేసి చూశాడు. బొటనవేలితో రుద్దాడు. పట్టులా జారింది.

అప్పుడు గుర్తొచ్చింది. బాత్‌రూం అలమరలో, షేవింగ్ సబ్బు వెనక దాచిన సీసా. రెండు చుక్కలు చాలు సార్ అంది షాపులో అమ్మాయి. అతను రోజూ నాలుగు వేస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే మధ్య ముక్క మీద మొదటి చేప కన్ను తెరుచుకుంది. తర్వాత రెండోది, పదోది. అటూ ఇటూ ఉన్నవి మాత్రం అద్దాల్లా ఉన్నాయి.

"ఇదిగో," అంటూ అక్క పట్టకారు తీసుకుంది. "నంబరు చూద్దాం. తేలిపోతుంది."

"తిప్పక్కర్లేదు," అన్నాడతను. "అది నాది."

"చూడకుండానే నీకెలా తెలుసురా?"

"తలకి సీరం రాస్తున్నాను."

"ఏం రాస్తున్నావు?"

"సీరం అక్కా. జుట్టు మెరవడానికి. దాన్లో సిలికాన్ ఉంటుంది. పెయింట్‌కి పరమ శత్రువు. స్పిరిట్‌తో ఎంత తుడిచినా, మళ్ళీ ఇవే చేతులతో పట్టుకుని బిగించేది నేనే కదా."

అక్క పట్టకారు దించింది. తమ్ముడి తలకేసి మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "దువ్వుకోరా అంటే, నా క్రాఫు ఇంజన్లు చూస్తాయా అనేవాడివి. ఎప్పట్నుంచి ఈ సోకు?"

గూడ్సు బండి ఆగిపోయింది. ఇక్కడ ఆగితే ఆ అమ్మాయి వాన తగ్గగానే మెట్లు దిగిపోతుంది. రెడ్ సిగ్నల్ దాటక తప్పదు.

"ఆవిడ వచ్చిన మర్నాటి నుంచి."

అతను నేలకేసి చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్ర గీతకి పోటీ వస్తున్నాయి.

"ఓరి నీ... నెల రోజులుగా ఇదా నీ వాలకం?" అక్క ఆ అమ్మాయి వైపు తిరిగింది. గొంతు మెత్తబడింది. "అమ్మాయ్, నా మాటలు మనసులో పెట్టుకోకు. ముందా బ్యాగు ఖాళీ చెయ్యి. రేపటి నుంచి ట్రయల్ లేదు, ఏమీ లేదు. పని నీదే."

"థాంక్స్ మేడమ్."

"మేడమేంటి? వీడి చెవులు చూస్తుంటే వదినా అనిపించుకునే యోగం ఉన్నట్టుంది నాకు. అది నీ ఇష్టమనుకో, నేను బలవంతపెట్టను."

ఆ అమ్మాయి బ్యాగులోంచి బ్రష్షులు తీసి ఒక్కొక్కటే మళ్ళీ స్టాండులో గుచ్చింది. సబ్బు డబ్బా తెచ్చి అతని చేతుల ముందు పెట్టింది.

"కడుక్కోండి. తల కూడా. మొదటి రోజు నేను చూసింది చింపిరి జుట్టునే. అదే బాగుంది."

అతను తలెత్తాడు. ఆ అమ్మాయి అప్పటికే అక్క వైపు తిరిగి, పెదవి బిగించి నవ్వాపుకుంటోంది.

"మీరు మొదటి నుంచీ చెప్పిందే నిజం వదినా. ఇంజన్లు పాడు చేసింది నేనే."