మీకూ పోయిందా?

అమ్మకానికి తెచ్చిన శక్తికుండలు రెండూ వనజాక్షి హాల్లో పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి బిందెంత, ఇంకోటి గంగాళమంత. తుపాన్లకి తీగలు తెగడం మామూలైపోయిన ఆ కాలంలో, కాకినాడలోని ఆ కాలనీలో ప్రతి ఇంట్లోనూ ఒక కుండ ఉండేది. కరెంటున్నంతసేపూ శక్తిని తాగి దాచుకునేది. పోగానే, రెప్పవేసేలోపు ఇంటిని అందుకునేది. వనజాక్షి ఇల్లొక్కటే మిగిలిపోయింది.

"చిన్నది చాలండి. ఫ్యాన్లు, లైట్లు, పాప శ్వాసపెట్టె, అన్నీ ఒక పూట లాగేస్తుంది," అన్నాడు కుండలమ్మే ఫణీంద్ర.

"పూట దాటితే?"

"పెద్దది తీసుకోండి. రెండ్రోజులొస్తుంది."

"అదీ పాడైతే?"

"పాడవదండి."

"ఒకవేళ అయితే?"

ఫణీంద్ర నవ్వాడు. "మీలాంటోళ్ళు వీధికొకరుంటే చాలండి, మా కంపెనీ బతికిపోద్ది."

నవ్వితే నవ్వాడనుకుంది. కూతురు, ఆరేళ్ళ మేఖల ఊపిరితిత్తులకి బలం తక్కువ. ముక్కుకి శ్వాసపెట్టె గొట్టం లేనిదే పిల్ల పడుకోలేదు. వనజాక్షి పెద్దదే తీసుకుంది. శక్తి తగ్గితే కుండ ఎలా కూస్తుందో ఫణీంద్ర వినిపించగానే మేఖల ఉలిక్కిపడింది.

"ఆ కూత తీసెయ్యండి బాబూ. పిల్ల హడలిపోతే ఆయాసం మొదలవుద్ది."

తీసేశాడు.

పూర్వం కరెంటు పోగానే అందరూ గేట్ల దగ్గరికొచ్చి "మీకూ పోయిందా?" అని కేకేసుకునేవారు. ఆ వంకతోనే ఎదురింటి నాగరత్నం వచ్చి పాపని చూసివెళ్ళేది. కుండలొచ్చాక కరెంటు పోయినట్టే ఎవరికీ తెలియడంలేదు. తలుపులు మూసే ఉంటున్నాయి.

ఒక మధ్యాహ్నం మేఖల పడుకుని ఉండగా ఫ్యాను ఆగిపోయింది. దాంతోపాటే శ్వాసపెట్టె కూడా. వనజాక్షి కుండ మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది, శక్తంతా అయిపోయింది. మేఖల పెదాలు నీలమవుతున్నాయి. ఇంట్లో ఇంకెవరూ లేరు. పిల్లని భుజాన వేసుకుని, పెట్టెని చంకలో ఇరికించుకుని వీధిలోకి పరుగెత్తింది. ఏమని అరవాలో తోచక పాత కేకే వేసింది.

"మీకూ పోయిందా?"

నాగరత్నం తలుపు తీసింది. "పోవడమేంటే, మా ఫ్యాను తిరుగుతుంటేనూ... ఓలమ్మో! పిల్లని లోపలికి తే ముందు!"

ఒంటిమనిషి కాబట్టి ఆమె కుండలో ఇంకా కాస్త మిగిలుంది. పెట్టె మళ్ళీ గురగురమంది. మెల్లగా పాప ముఖంలోకి రంగొచ్చింది. కరెంటు మొన్ననే పోయిందని అప్పుడు తేలింది. ఎవరింట్లో వాళ్ళకి వెలుగుతుంటే, కరెంటాఫీసుకి చెప్పినవాళ్ళే లేరు.

ఫోను చేశాక రాత్రికి కరెంటొచ్చింది. మర్నాడు వనజాక్షి ఫణీంద్రని పిలిపించి కూత తిరిగి పెట్టించింది.

"ఇంకోటి. వరండా దీపాన్ని కుండ నుంచి విడదీసెయ్యండి. పగలూ రాత్రీ వీధి కరెంటు మీదే వెలగాలి."

"కరెంటు పోతే అదీ ఆరిపోద్ది కదండి?"

"ఆరిపోవాలి. ఎదురింటావిడకి కనబడాలి."

ఆ సాయంత్రమే గాలికి తీగ తెగి వరండా దీపం ఆరిపోయింది. లోపల ఫ్యాను, శ్వాసపెట్టె నడుస్తూనే ఉన్నాయి. వనజాక్షి వరండాలోకొచ్చింది. చీకట్లో ఎదురుగా గేటు కిర్రుమంది.

"ఏమే వనజా, దీపం ఆరింది. పిల్ల బానే ఉందా?"