తెల్ల హెల్మెట్‌కి వెలిగిన లైటు

"హలో! రిఫరీ గారేనా? మీకసలు కళ్ళున్నాయా అండీ?"

"రెండున్నాయండీ. మీ ముందు చక్రం టేపుకి తగలడం రెండూ చూశాయి."

ఆడగొంతు వినేసరికి రైడర్ కయెతాన్ కంగుతిన్నాడు. "కాస్త రిఫరీ గారికివ్వండి."

"ఇచ్చానండీ. మాట్లాడండి."

చుట్టూ ఉన్న మెకానిక్కులు పగలబడి నవ్వారు. బ్రోనెక్ చేతిలో స్పానర్ కింద పడేసి, "పెట్టెయ్‌రా ఫోను! మిగిలిన ఆ కాస్త పరువైనా ఇంటికి తీసుకెళ్దాం" అన్నాడు. బ్రోనెక్ కయెతాన్‌కి సొంత బాబాయి. ఇంజన్లు విప్పడంలో ఎంత నేర్పో, మనుషుల పరువు తీయడంలోనూ అంతే.

స్పీడ్‌వే అంటే మా పోలండ్‌లో ఎంత పిచ్చో చెప్తే నమ్మరు. మా గోజూవ్‌లో ఆదివారం చర్చికి రానివాణ్ణి క్షమిస్తారు, రేసుకి రానివాణ్ణి క్షమించరు. నాలుగు బైకులు, ఒక్కదానికీ బ్రేకుల్లేవు, మట్టి ట్రాక్ మీద నాలుగు చుట్లు. స్టార్టులో అడ్డంగా కట్టిన టేపు పైకి లేచేలోపు దాన్ని తాకినా తప్పే. నలుగురికీ నాలుగు రంగుల హెల్మెట్లు. రిఫరీ ఏ రంగు లైటు వేస్తే ఆ రంగువాడు ఆ రేసుకి లేనట్టే. బైకులు సిద్ధం చేసుకునే పిట్ నుంచి రిఫరీ గదికి ఒక ఫోనుంటుంది. దాంట్లో ఎంత అరిచినా నిర్ణయం మారదు, గొంతు పోతుందంతే.

ఆ రిఫరీ పేరు రాద్కా. పొరుగున ఉన్న చెక్ దేశం పిల్ల. ఆ అమ్మాయి మీద నాకిప్పటికీ కోపం పోలేదు, ముందే చెప్తున్నాను.

ఒక్కో ఊళ్ళో ఒక్కో రౌండుగా జరిగే ప్రపంచ ఛాంపియన్‌షిప్ వార్సాలో అలా మొదలైంది. ఆ తర్వాత రాద్కా రిఫరీగా ఉన్న ప్రతి ఊళ్ళోనూ కయెతాన్ ఫోనెత్తేవాడు.

"ఇవాళ నేనేం తప్పు చెయ్యలేదు కదండీ?"

"ఇంకా రేసే మొదలవలేదండీ."

"అందుకే ముందుగా కనుక్కుంటున్నా."

"ఈ ఫోను ఫిర్యాదులకండీ, కబుర్లకి కాదు."

"ఫిర్యాదే మరి. మీ మొహం ఇంతవరకూ చూపించలేదు."

ప్రాగ్‌లో వాన పడి రేసు ఆగిపోయింది. ట్రాకంతా బురద. స్టేడియం చూరు కింద ఓ పిల్ల తడిసిన జుట్టు పిండుకుంటూ, కాగితం సంచిలోంచి బన్ను తీసి తింటోంది. "హమ్మయ్య, ఇవాళ ఎవరి తిట్లూ తినక్కర్లేదు" అని తనలో తను పైకే అనుకున్న ఆ ఒక్క మాటతో గొంతు గుర్తుపట్టేశాడు కయెతాన్.

"మీ కళ్ళు నిజంగానే రెండున్నాయండీ!" అన్నాడు వెనకనుంచి.

ఉలిక్కిపడి చూసింది. చూపు తిప్పుకుంది. మళ్ళీ చూసింది. తర్వాత సంచిలోంచి ఇంకో బన్ను తీసి అతని చేతిలో పెట్టింది. "తినండి, చెర్‌స్త్వీ."

కయెతాన్ మొహం మాడిపోయింది. చెక్ వాళ్ళకి ఆ మాటంటే తాజా. మాకేమో ఎండి రాయయిపోయినదని అర్థం.

"ఎండిపోయిందని చెప్పి మరీ ఇస్తారా? ఇంత పగేంటండీ నా మీద?"

సంగతి అర్థమయ్యాక రాద్కా బన్ను గొంతుకి అడ్డం పడేలా నవ్వింది. వాన తగ్గేసరికి ఇద్దరి మధ్యా "అండీ" పోయి "నువ్వు" వచ్చేసింది. మా దగ్గర ఇది చిన్న విషయమేం కాదు.

వేసవంతా దొంగచాటుగానే గడిచింది. రైడర్‌కీ రిఫరీకీ మధ్య ప్రేమ అంటే జనం ఊరుకోరు కదా. బ్రోనెక్ ఒక్కడే పసిగట్టాడు. "సీజన్ అవ్వనీ. గెలిచినా ఓడినా మా వదిన చేతి పియెరోగీ కుడుములు తినడానికి నిన్ను తీసుకెళ్తాం. పెద్దవాణ్ణి, నా ఆశీర్వాదం ముందే తీసేసుకో" అన్నాడు రాద్కాతో. వాళ్ళింట్లో అంతకు మించిన లాంఛనం లేదు.

ఆఖరి రౌండ్ మా గోజూవ్‌లోనే. పదేళ్ళుగా విరిగిన ఎముకలు అతికించుకుంటూ వచ్చిన కయెతాన్ మొదటిసారి టైటిల్ అంచుదాకా వచ్చాడు. సరిగ్గా అప్పుడే, రావలసిన రిఫరీకి జ్వరం వచ్చింది. రాద్కాని రమ్మన్నారు.

"రానని చెప్పేస్తాను కయెతాన్."

"ఎందుకని అడుగుతారు. నిజం చెప్తే, నువ్వు చూసిన రేసుల్లో నా గెలుపులన్నీ దొంగవంటారు."

"మరి నీ విషయంలో నిర్ణయం చెప్పాల్సొస్తే?"

"తప్పు చేస్తే లైటు వెయ్యి. చెయ్యకపోతే వెయ్యకు. ఇందులో ఆలోచించేదేముంది?"

పాపం, అతనికలా అనిపించింది.

చివరి రేసుకి కయెతాన్‌ది తెల్ల హెల్మెట్, డెన్మార్క్ రైడర్ టోర్బెన్‌ది ఎర్రది. ఇద్దరిలో ఎవరు ముందొస్తే వాళ్ళే ప్రపంచ ఛాంపియన్. టేపు పైకి లేచింది. మొదటి మలుపులో టోర్బెన్ బయటనుంచి లోపలికి దూసుకొచ్చాడు, కయెతాన్ లోపలినుంచి కాస్త బయటికి జరిగాడు. హ్యాండిళ్ళు తగులుకున్నాయి. టోర్బెన్ పడ్డాడు. దుమ్ము దులుపుకుని లేచాడు కూడా.

తప్పెవరిదంటే ఇద్దరిదీ, ఎవరిదీ కాదు. మొదటి మలుపులో ఇలా చిక్కుపడితే నలుగురినీ మళ్ళీ స్టార్టుకి పిలవడం మామూలే. స్టేడియంలో పిల్లాడికైనా తెలుసు. కయెతాన్ అప్పటికే బైకు వెనక్కి తిప్పుతున్నాడు.

తెల్ల లైటు వెలిగింది.

స్టేడియమంతా ఈలలు. మా దగ్గర ఈల వేస్తే తిట్టినట్టు. నేనూ వేశాను, పెదాలు వాచేలా. మిగిలిన ముగ్గురితో రేసు మళ్ళీ పెట్టారు. టోర్బెన్ ఛాంపియన్ అయ్యాడు.

రిఫరీ గదిలో ఫోను మోగలేదు. రాద్కానే పిట్‌లోకి దిగి వచ్చింది. బ్రోనెక్ ఆమెని చూసి వ్యాన్ అవతలికి వెళ్ళిపోయాడు. అక్కణ్ణుంచే అంతా విని, తర్వాత నాకు చెప్పాడు.

కయెతాన్ బూట్లకంటిన మట్టి గీక్కుంటున్నాడు. తలెత్తలేదు.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. తెల్ల హెల్మెట్‌లో నేను కాక ఇంకెవడైనా ఉంటే?"

రాద్కా అతని పక్కనే ఓ టైరు మీద కూర్చుంది.

"నలుగురినీ మళ్ళీ పిలిచేదాన్ని."

"ఊఁ."

"నీ వైపు మొగ్గుతున్నానేమోనని భయమేసింది. నా మీద నాకే నమ్మకం లేకపోయింది. చెయ్యి దానంతటదే తెల్ల లైటు బటన్ మీదికి..." ఏడుపు ఆపుకుంది. "ఇప్పుడే వెళ్ళి పై అధికారులకి చెప్పేస్తాను."

"చెప్తే మారుతుందా?"

"మారదు."

"మరి ఎవరికోసం చెప్పడం? నీ మనసు తేలికవడానికా?"

కయెతాన్ లేచి నిలబడ్డాడు. కోపం ఉన్నా బాగుండేది అంటాడు బ్రోనెక్. కోపం లేదట, అలిసిపోయిన మొహమట.

"పొరబాటు పడుంటే ఈ రాత్రికే మర్చిపోయేవాణ్ణి రాద్కా. ఊరూ పేరూ తెలియనివాడికి ఇచ్చే న్యాయం నాకివ్వలేకపోయావు. ఎందుకయ్యా అంటే, నేనంటే ఇష్టం కాబట్టి." వ్యాన్ తలుపు తీశాడు. "ఆ ఇష్టంతో నేనెలా కాపురం చెయ్యను, చెప్పు?"

చెబుతుందేమోనని తలుపు పట్టుకుని నిజంగానే కాసేపు ఆగాడు. ఆ తర్వాత తలుపేసుకుని వెళ్ళిపోయాడు.