మగవాళ్ల వైపు

సోల్‌మే చర్చికి వెళ్లండి, బొమ్మలు చూడండి, కొవ్వొత్తి వెలిగించండి... కానీ పొద్దు వాలాక ఆ ప్లైవుడ్ గోడ పక్కన మాత్రం నోరెత్తి ప్రార్థన చెయ్యకండి. ఆ ఏడాది మొక్పో రేవుపట్నంలో ఈ మాట చెప్పని టాక్సీవాడు లేడు.

ఎందుకంటే — అటు నుంచి ఎవరో అందుకుంటారు.

నిజానికి ఆ గోడ కట్టింది సందర్శకుల కోసం. నూరేళ్లు దాటిన ఎర్ర ఇటుకల చర్చి. రేవు గాలికి ఇటుకలు పొడిపొడిగా రాలుతుంటే బాగుచేయించక తప్పింది కాదు. మూసేసి చేస్తే పని తొందరగా తెమిలేదే. కానీ తలుపు మూస్తే జనం దారి మరిచిపోతారని పెద్దలు పట్టుబట్టారు. అందుకని హాలు నడుమ ఈ కొస నుంచి ఆ కొసకి ప్లైవుడ్ గోడ లేపారు. కుడివైపు పని, ఎడమవైపు పూజ.

పాతకాలంలో అక్కడ ఎడమవైపు ఆడవాళ్లు, కుడివైపు మగవాళ్లు కూర్చునేవాళ్లు. ముసలివాళ్లు ఇప్పటికీ అంతే. గోడ లేచిన మొదటి ఆదివారం తాతలంతా బిక్కమొహాలు వేసుకుని ఆడవాళ్ల మధ్య సర్దుకుంటుంటే, “చర్చిలోనైనా నీ గురక తప్పిందనుకున్నా, ఇక్కడికీ తయారయ్యావా!” అని ఒక ముసలమ్మ మొగుణ్ణి కసిరిందట. పూజ మధ్యలో కూడా జనం నవ్వాపుకోలేకపోయారు.

ఆ నవ్వులు నవంబరు దాకానే.

నవంబరు అక్కడి కేథలిక్కులకి పోయినవాళ్ల నెల. సాయంత్రాలు ఎవరో ఒకరు వచ్చి తమవాళ్ల కోసం యొందో అనే ప్రార్థన పాడుకుంటారు. యొందో ఒక్కరు పాడేది కాదు. ఒక వైపువాళ్లు పునీతుల పేర్లు పిలవాలి. రెండో వైపువాళ్లు పోయిన మనిషి పేరు చెప్పి, ఆ ఆత్మ కోసం వేడుకోమని బదులు పాడాలి. ఒంటరిగా వచ్చినవాళ్లు రెండు సగాలూ తామే పాడుకుంటారు. అలా పాడుకుంటున్న ఒకావిడకి... రెండో సగం ఎవరో పాడిపెట్టారు. గోడ అవతల నుంచి. మగవాళ్ల వైపు నుంచి.

ఆవిడ గుమ్మంలో విప్పిన బూట్లు కూడా మరిచిపోయి మేజోళ్లతోనే పరుగెత్తింది. ఆ తర్వాత ఒక కుర్రజంట, ఏమవుతుందో చూద్దామని సరదాకి పాడి చూశారు. ఆ పిల్ల మెట్ల మీద పడి చీలమండ విరగ్గొట్టుకుంది.

“ఇంకొక్కరికి దెబ్బ తగిలినా తలుపు మూసేస్తాను,” అన్నాడు ఫాదర్ మథియాస్. “పని పూర్తయ్యేదాకా ఎవ్వరూ రానక్కర్లేదు.”

ఆ మాట అందరికన్నా సుల్లేకి తగలాలి. రోజూ తలుపు తీసేది ఆవిడే.

సుల్లే భర్త దాల్‌సూ ఆ వసంతంలోనే పోయాడు. ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, భోజనానికి కూర్చుని, అలాగే పక్కకి ఒరిగిపోయాడు. సుల్లే ఏడవలేదు. శవపెట్టె చుట్టూ జనమంతా యొందో పాడుతుంటే పెదవులు కదిపింది, గొంతు లేవలేదు. గట్టి గుండె అన్నారు కొందరు. బండరాయి అన్నారు ఇంకొందరు. ఏ మాటా ఆవిడకి ఎక్కలేదు. అన్నంలో చల్లనీళ్లు పోసుకుని తినేది, ఉప్పుందో లేదో తెలిసేది కాదు. చలికి చేతులు పగిలితే రక్తం కనబడ్డాకే తెలిసేది. పొద్దున లేవడానికి ఆవిడకి మిగిలింది ఒక్కటే — తలుపు తియ్యాలి. అది కూడా పోతే ఇక పక్క మీంచి లేవనని ఆవిడకి తెలుసు. ఏడుస్తూ అనుకున్నది కాదు. రేపు వాన పడేలా ఉందని అనుకున్నంత మామూలుగా అనుకుంది.

“ఇవాళ నేను కూర్చుని పాడతాను ఫాదర్,” అంది. “ఏమీ లేదని తేలితే తలుపు తెరిచే ఉంచాలి.”

“ఒంటరిగానా?”

“పియో మేస్త్రీ బయట ఉంటాడు. రేపు పొద్దున అతన్నే అడగండి.”

పియో ఇటుకల మేస్త్రీ. పని కోసం వేరే ఊరి నుంచి వచ్చినవాడు. దేవుణ్ణీ నమ్మడు, దెయ్యాన్నీ నమ్మడు.

“దెయ్యమే అయితే పట్టుకుందాం అక్కా,” అన్నాడు. “సున్నం బస్తాలు మోయిద్దాం.”

“నీ కుర్రాళ్లకన్నా నయమే,” అంది సుల్లే. ఆ మాటకి అతను నవ్వాడు కానీ ఆవిడ మొహం మారలేదు.

చీకటి పడింది. ఇద్దరూ ప్లైవుడ్ గోడకున్న చిన్న తలుపు తీసి టార్చి వేసి చూశారు. పరంజా కొయ్యలు, ఇసక, పూత చెక్కేసిన గోడలు. కిటికీ అద్దాలు విప్పి ప్లాస్టిక్ పట్టాలు కట్టారు. మనిషి లేడు, పిల్లి కూడా లేదు. మేస్త్రీ ఆ తలుపుకి తాళం వేసి, చెవి ఆవిడ చేతిలో పెట్టి, బయట మెట్ల మీద కూర్చున్నాడు. పెద్ద తలుపు ఓరగా ఉంచాడు.

సుల్లే గోడ పక్కన మోకరించింది. ఎవరి కోసం పాడాలి? ఆవిడకి పోయినవాడు ఒక్కడే. దాల్‌సూకి చర్చిలో పెట్టిన పేరు సిమియోను.

“పునీత మిఖాయేలా...”

అంతే పాడి ఆగింది. ‘సిమియోను ఆత్మ కొరకు వేడుకొనుమా’ — ఆ సగాన్ని కావాలనే లోపలే ఉంచుకుంది.

నిశ్శబ్దం.

“పునీత పేతురా...”

పట్టా ఒకటి గాలికి టపటపలాడింది. మళ్లీ నిశ్శబ్దం.

“పునీత అన్నమ్మా...”

అప్పుడు వినిపించింది... మెల్లగా, నేల అడుగు నుంచి లేచినట్టు. మాటలు తెలియడం లేదు. రాగం మాత్రం తెలుస్తోంది, బదులు పాడే సగానిది.

భయపడాలి కదా, అనుకుంది సుల్లే. భయం కోసం కాసేపు చూసింది. రాలేదు. పూత లేని గోడలు, బల్లలు తీసేసిన ఖాళీ... తన గొంతే కొట్టుకుని తిరిగొస్తోంది, అంతే. ఇదే మాట రేపు ఫాదర్‌కి చెబితే సరిపోతుంది. లేవబోయింది.

లేవబోయి ఆగింది. తన గొంతే తిరిగొస్తే — ‘అన్నమ్మా’ అని కదా రావాలి?

ప్లైవుడ్‌కి చెవి ఆనించింది. చల్లగా ఉంది. చాలా మెల్లగా పిలిచింది.

“పునీత యోసేపా...”

“...అగాత ఆత్మ కొరకు వేడుకొనుమా.”

అగాత సుల్లే పేరే. బాప్తిస్మం నాడు పెట్టిన పేరు. ఆ చర్చివాళ్లు తప్ప ఊళ్లో ఎవరూ ఆవిణ్ణి అలా పిలవరు.

“సిమియోను,” అని గుసగుసగా సరిదిద్దింది. “పోయింది సిమియోను... అగాత కాదు.”

“...అగాత ఆత్మ కొరకు వేడుకొనుమా.”

తొందర లేదు ఆ గొంతులో. కోపమూ లేదు. శవం పక్కన తెల్లవార్లూ కూర్చునే మనుషులు పాడే తీరు అది. ఎవరి గొంతో పోల్చుకోలేకపోయింది. సుల్లే పిలవడం మానేసింది. అయినా అది ఆగలేదు. ఏ పునీతుడి పేరూ ఎవరూ ఎత్తకుండానే, సగం పాట దానంతటది సాగింది.

“...అగాత ఆత్మ కొరకు...”

ఎన్నాళ్లుగా పాడుతున్నారో... నా కోసం?

అప్పుడు వేసింది భయం. సుల్లే రెండు చేతులతో గోడ బాదింది.

“నేను బతికే ఉన్నాను!” అని అరిచింది. “ఏమయ్యా, వింటున్నావా... నేనింకా చావలేదు! నాకు పాడకు! బతికే ఉన్నాను!”

పాట ఆగిపోయింది.

పగిలిన అరచేతులు భగ్గున మండాయి. ఆ మంటకి ముందు అమ్మా అంది, ఆ తర్వాత ఏడ్చింది. దాల్‌సూ అన్నం గిన్నె ముందు ఒరిగిపోయిన క్షణం కళ్లకి కట్టింది. అప్పుడు రాని ఏడుపంతా ఇప్పుడు వచ్చింది. నేల మీద కూలబడి, చంటిపిల్లలా నోరు తెరిచి, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా ఏడ్చింది.

మేస్త్రీ వచ్చేసరికి ఆవిడ గోడకి ఆనుకుని వెక్కుతోంది. అతను చిన్న తలుపు తాళం లాగి చూశాడు. వేసింది వేసినట్టే ఉంది. ఆవిణ్ణి లేవదీసి బయటికి తీసుకొచ్చాడు. సముద్రపు గాలి కొరికేస్తోంది. సుల్లే పెద్ద తలుపుకి తాళం వేసి కోటు దగ్గరికి లాక్కుంది. ఆ చలి ఎముకల దాకా తెలిసింది ఆవిడకి.

“ఫాదర్‌కి ఏం చెప్పమంటావక్కా?”

“ఏమీ లేదని చెప్పు. నేనే ఏడ్చుకున్నానని చెప్పు. పొద్దున్నే వచ్చి తలుపు తీస్తాను.”

“సరే.”

మెట్లు దిగుతూ మేస్త్రీ సిగరెట్టు వెలిగించబోయాడు. లైటర్ వెలగలేదు... మళ్లీ నొక్కాడు. ఆవిడ మొహంలోకి చూడకుండా, గొంతు తగ్గించి అడిగాడు.

“ఆ పాటలోని అగాత ఎవరక్కా? ఎప్పుడు పోయింది పాపం?”

సుల్లే మెట్టు మీదే ఆగిపోయింది.

“పోలేదు,” అంది.