పొకువమ్మ హోటల్లో రోలు ఆగిన రోజు

"ఆపు!" అంది ఆ అమ్మాయి. "నా చెయ్యి చితక్కొడదామనా?"

రోకలి గాల్లోనే ఆపాను. ఏమీ అనలేదు. చెయ్యి చితకలేదు కదా, అనడానికి ఏముంది.

"నోరు లేదా నీకు?"

"ఉంది."

"మరి వాడవేం?"

ఆమె పేరు అఫ్రియే. పొకువమ్మ కూతురు. పైఊళ్ళో వ్యాపారం చదువు చదివి ఆ ఉదయమే దిగింది. పొకువమ్మకి భుజం పట్టేసి, రోట్లో ముద్ద తిప్పలేకపోతోంది. అందుకని కూతురు కూర్చుంది.

మేం పులుసుతో తినే ముద్దని ఫుఫు అంటారు. దాన్ని దంచడం ఇద్దరి పని. ఉడికిన కర్రపెండలం, అరటికాయ రోట్లో వేస్తారు. ఒకరు నిలబడి నిలువెత్తు రోకలితో దంచాలి. ఇంకొకరు పక్కన కూర్చుని, రోకలి లేచినప్పుడల్లా చెయ్యి పెట్టి ముద్ద తిప్పాలి. చెయ్యి తియ్యడం ఆలస్యమైతే వేళ్ళు పోతాయి. దంచేవాణ్ణి నేను. నా పేరు బెదియాకో.

కుమాసి పట్నంలో మా హోటల్ చుట్టూ అన్నీ గ్యారేజీలే. మధ్యాహ్నం కాగానే మెకానిక్కులందరూ నూనె చేతులతో ఒక్కసారే వచ్చి పడతారు. ఫుఫు అందదు. సగంమంది ఆకలికి ఆగలేక రోడ్డుకి అవతలి హోటల్‌కి పోతారు. ఇలాగైతే మూసేసి అక్క దగ్గరికి పోతానని పొకువమ్మ రోజూ అనేది. మూయనివ్వనని కూతురు వచ్చింది.

వచ్చిన నాలుగు రోజుల్లో అన్నీ మార్చేసింది. చేతులు కడుక్కునే గిన్నెలు గుమ్మం దగ్గరికి వచ్చాయి. మాంసం ముక్కలు పొద్దున్నే కోయించింది. వేరుశెనగ పులుసు ఒక మూల, పామ్‌కాయల పులుసు ఇంకో మూల ఉండేవి. రెండూ పక్కపక్కకి చేర్చింది.

"నలభై ఏళ్ళుగా అక్కడే ఉన్నాయే ఆ కుండలు," అంది పొకువమ్మ.

"అందుకే అమ్మా నీకు కాళ్ళ నొప్పులు. ఆ కుండకీ ఈ కుండకీ మధ్య రోజూ ఒక ఊరు దాటొస్తున్నావు."

నిజం చెప్పాలి. బాగుంది. జనం తొందరగా తిని తొందరగా లేస్తున్నారు. ఇక మిగిలింది రోలు. అఫ్రియే ఒక చేత్తో ముద్ద తిప్పుతూ, రెండో చేతి గడియారం చూసేది.

"ఇంకొంచెం తొందరగా దంచలేవా?"

"దంచగలను."

"మరి దంచవేం?"

"నీ చెయ్యుంది."

ఆమె గడియారం చూడ్డం మానేసి నా వైపు చూసింది. ఆ రోజు ముద్ద చాలాసార్లు తప్పు తిప్పింది. నేను రోకలి ఆపి ఆపి దంచాను. ఇంటికెళ్ళాక మా అదుసే మామయ్య నా కంచం చూసి, "ఏరా, ఎందుకు తినట్లేదు? ఏ పిల్లరా?" అన్నాడు. ఆయన అన్నీ కంచం చూసే చెప్పేస్తాడు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. రేకుల మీద చప్పుడుకి మనిషి మాట మనిషికి వినపడదు. నాకు హాయిగా ఉంది. అఫ్రియే దగ్గరికి జరిగి గట్టిగా అరిచింది.

"రేపు ఫుఫు మిషన్ వస్తోంది! వెనక గదిలో పెడతాం!"

తలూపాను.

"అది వస్తే దంచే పనుండదు!"

మళ్ళీ తలూపాను. దంచే పని లేకపోతే నేనక్కడికి రావడానికి వంకే లేదు.

వాన కాస్త తగ్గింది. ఆమె కూడా గొంతు తగ్గించింది. "ఏమైనా చెప్పాలా, బెదియాకో?"

చాలా చెప్పాలి. "రోలు బోర్లించి పెట్టు," అన్నాను. "నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది."

"ఇంకా?"

"రోకలి నీడలో పెట్టు."

"వెళ్ళు," అంది. "వెళ్ళి ఆ రోకలినే పెళ్ళి చేసుకో."

తడుస్తూ ఇంటికొచ్చాను.

మర్నాడు మామయ్య ఇంట్లో కూర్చుని గోడ చూస్తున్నాను. మధ్యాహ్నానికి ముందు మెకానిక్ తవియా పరుగెత్తుకొచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు.

"బెదియాకో! పొకువమ్మ పోయింది!"

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? పొద్దున్నుంచీ రోలు మోగలేదు! ఆమె గుమ్మంలోకి కూడా రాలేదు!"

చటుక్కున లేచాను. ఆ రోలు అంతకుముందు ఒక్కసారే ఆగింది. అఫ్రియే నాన్న పోయిన రోజు. ఆ సంగతి గ్యారేజీల్లో అందరికీ తెలుసు. మిషన్ సంగతి ఎవరికీ తెలియదు. తలుపు మూసిన గదిలో అది తిరుగుతుంటే, అన్ని మోటార్ల మధ్య దాని చప్పుడు ఎవరికి వినపడుతుంది? అది నాకైనా తట్టాలి. తట్టలేదు. అఫ్రియే ఒంటరిగా ఏడుస్తోందన్నదే తట్టింది.

చావులంటే మామయ్యకి పండగ. అప్పటికే నల్లగుడ్డ చుట్టేసుకున్నాడు. నాకూ ఒకటి విసిరాడు. "చావింటికి ఉత్తచేతుల్తో పోతామా," అని దారిలో జిన్ను సీసా ఒకటి కొన్నాడు.

హోటల్ ముందు సగం గ్యారేజీలు నిలబడి ఉన్నాయి. అందరూ నలుపూ ఎరుపూ చావుబట్టల్లో ఉన్నారు. ముసలి పెయింటరొకడు శోకం కూడా మొదలుపెట్టాడు.

లోపల్నుంచి గరిటె పట్టుకుని పొకువమ్మ వచ్చింది.

శోకం ఆగింది.

"ఎవరు పోయారు?" అంది పొకువమ్మ.

అందరూ తవియా వైపు చూశారు. చివరికి తవియానే అన్నాడు. "నువ్వే, అమ్మా."

"నేనా! ఎప్పుడు?"

"పొద్దున్న."

"పొద్దున్నుంచీ లోపల గుట్టంత ఫుఫు పెట్టుకుని కూర్చున్నానురా! ఒక్కడూ తినడానికి రాలేదు! ఇక్కడ నిలబడి నాకోసం ఏడుస్తున్నారా?"

"రోలు మోగకపోతే ఏమనుకోవాలి?"

పొకువమ్మ నవ్వాలా కొట్టాలా తేల్చుకోలేక చుట్టూ చూసింది. మామయ్య దగ్గర కళ్ళు ఆగాయి. ఆయన చేతిలో సీసా దగ్గర ఇంకాసేపు ఆగాయి. తర్వాత ఆయన వెనక నక్కిన నా మీదికొచ్చాయి.

"ఓహో," అంది. "పెళ్ళికాని పిల్లున్న ఇల్లు. అబ్బాయి మేనమామ సీసాతో ముందు. అబ్బాయి వెనక. అదుసే, ఇది చావుకి రావడం కాదు. తలుపు తట్టడం."

మాలో పిల్లనడగడానికి అలాగే సీసాతో వెళ్తారు, దాన్నే తలుపు తట్టడమంటారు. మామయ్య సీసా వైపు చూశాడు. నన్ను చూశాడు. నేను తినకుండా వదిలేసిన కంచం గుర్తొచ్చినట్టుంది.

"అవును," అన్నాడు. "తట్టడానికే వచ్చాం."

"నల్లగుడ్డల్లోనా?"

"ఉతికినవి ఇవే ఉన్నాయి."

గ్యారేజీలన్నీ గొల్లున నవ్వాయి. ఆ నవ్వుకి అఫ్రియే బయటికొచ్చింది. మొహమంతా చెమట. మిషన్ వేడో కోపమో తెలియదు.

"మేనమామ చెబితే నేను వినను," అంది. "అతన్ని చెప్పమనండి."

అందరూ నా వైపు తిరిగారు. మామయ్య మోచేత్తో పొడిచాడు.

నా మాట నాకే కొత్తగా వినిపించింది. "నీ చెయ్యి రోట్లో ఉన్నంతసేపూ నాకు భయం. మిగతా రోజంతా, మళ్ళీ ఆ భయం ఎప్పుడా అని చూస్తాను. మిషన్ వచ్చినా సరే. నేను గిన్నెలైనా కడుగుతాను. ఇక్కడే ఉంటాను."

శోకం పెట్టిన పెయింటర్ ఈసారి నిజంగా ఏడ్చాడు.

పొకువమ్మ సీసా అందుకుంది. కానీ మూత తీయలేదు. పిల్ల సరేనంటేనే సీసా తీసుకున్నట్టు, అందుకు పిల్లని మూడుసార్లు అడగాలి. అది పద్ధతి.

"అఫ్రియే, ఈ సీసా తీసుకోనా?"

"గిన్నెలు కడగడానికి మనిషి అక్కర్లేదు," అంది అఫ్రియే. "మిషన్ ముద్దని సగం చేస్తుంది. మిగతా సగం గుమ్మం పక్కన ఇతను దంచాలి. అప్పుడు ఫుఫు తొందరగా అందుతుంది, చప్పుడూ వినపడుతుంది. లేకపోతే నిన్ను రోజూ చంపుతారు వీళ్ళు."

"అది పని సంగతి. సీసా సంగతి చెప్పు. తీసుకోనా?"

"ముద్ద నేనే తిప్పుతాను. ఇంకెవరూ తిప్పకూడదు."

"అఫ్రియే! మూడోసారి అడుగుతున్నాను. పులుసు చల్లారిపోతోంది."

అఫ్రియే నా వైపు చూసింది. ఈసారి గడియారం వైపు చూడలేదు.

"తీసుకో అమ్మా," అంది. "ఇతను ఇంకోసారి నోరు విప్పేదాకా ఆగితే మన హోటల్ నిజంగానే మూతపడుతుంది."

మామయ్య ఆమె చేతిలోని సీసా అందుకుని మూత తీశాడు. చావుకొచ్చిన వాళ్ళందరూ చేతులు కడుక్కుని బల్లల ముందు కూర్చున్నారు.