పెనం మీద పడ్డ నింద

టైలర్ కుట్టుమిషను మీదే తల వాల్చి ప్రాణం వదిలాడు. కుడికాలు ఇంకా పెడల్ మీదే ఉంది. ఉదయం పదీ ఇరవైకి పక్క కొట్టువాడు చూసి స్టేషన్‌కు ఫోన్ చేశాడు.

ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చేసరికి టైలర్ తమ్ముడు వదిన మీద విరుచుకుపడుతున్నాడు.

"ఈవిడే చంపింది మేడమ్. గుండె జబ్బు మనిషికి పొద్దున గుడ్లు, రాత్రికి మాంసం. అన్నయ్య మీద కొత్త మందు ట్రయల్ చేస్తున్న డాక్టరే ఇందాక ఫోన్‌లో చెప్పాడు."

టైలర్ భార్య తప్పు తనదేనని అప్పటికే నమ్మేసింది. అది చూసి ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్లు మండింది.

క్లినిక్‌లో డాక్టర్ తీరిగ్గా పాఠం చెప్పాడు. గుడ్లలో, మాంసంలో ఉండే పోషకాలను పేగుల్లోని బ్యాక్టీరియా తన ఎంజైమ్‌తో విరగ్గొడుతుంది. అలా వచ్చినదాన్ని లివర్ ఇంకోలా మారుస్తుంది. అది రక్తనాళాలకు చేటు.

"నా క్యాప్సూల్ ఆ ఎంజైమ్‌ను ఆపేస్తుంది. గుడ్లు తినిపించి రక్తం తీశాం. చేటు పదార్థం దాదాపు సున్నా."

"అతని పాత గుండె మాత్రలు?"

"అవసరం లేదని మాన్పించాను."

"మీ క్యాప్సూల్ అంత బాగా పనిచేస్తే గుడ్లెలా చంపాయి?"

డాక్టర్ పేషెంట్లున్నారంటూ లేచాడు.

ఇన్‌స్పెక్టర్ తిన్నగా టైలర్ ఇంటికి వెళ్లింది. పెరటి గోడకు ఇనప పెనం ఆనించి ఉంది. పొయ్యి మీద కొత్తది మెరుస్తోంది.

"బాగున్న పెనాన్ని ఎందుకు పక్కన పడేశారమ్మా?"

"క్లినిక్‌లో ప్రతి టెస్టుకూ ముందు వారం ఏం తిన్నా ఇనుము నాకినట్టుందనేవారు. అందుకే మార్చాను. అయినా అదే మాట. చివరికి మంచినీళ్లూ అలాగే ఉన్నాయన్నారు."

"టెస్టయ్యాక?"

"తగ్గిపోయేది."

"ఆ వారం కొత్తగా ఏం తాగారు?"

"పొట్ట శుభ్రానికని క్లినిక్ వాళ్లిచ్చిన సిరప్."

సీసా అడుగున కాస్త మిగిలింది. దాన్నీ, క్యాప్సూళ్లనూ ఇన్‌స్పెక్టర్ ల్యాబ్‌కు పంపింది.

రిపోర్టు రాగానే డాక్టర్‌నూ, టైలర్ భార్యనూ, తమ్ముణ్ణీ స్టేషన్‌లో కూర్చోబెట్టింది.

"మీ సిరప్ యాంటీబయాటిక్, డాక్టర్. పంటి వాపుకు నేనూ వాడాను. వాడినన్నాళ్లూ నోరంతా ఇనుమే. అది పేగుల్లోని బ్యాక్టీరియాను ఊడ్చేస్తుంది. బ్యాక్టీరియా పోయాక ఎంజైమెక్కడిది? సున్నా రాక చస్తుందా? సిరప్ ఆపితే అవి మళ్లీ పుట్టుకొస్తాయి. ఇక మీ క్యాప్సూల్లో ఉన్నది ఉత్త పిండి."

"మందు మార్కెట్లోకి వెళ్లాలంటే మంచి రిపోర్టు కావాలి కదా" అని గొణిగాడు డాక్టర్.

"దానికోసం ప్రాణం నిలబెట్టే మాత్రలు మాన్పించావు. మనిషి పోయాక దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, ఈమె వంట మీదకు తోశావు."

తమ్ముడు తలెత్తలేక "వదినా" అన్నాడు. ఆమె అతనివైపు చూడలేదు. డాక్టర్‌నే చూస్తోంది.

"నోరు ఇనుములా ఉందని ఆయన మీకూ చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. మీరు నవ్వి, మీ ఆవిణ్ణి పెనం మార్చమనండి అన్నారు."

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్ చేతిలోని బేడీలు లాక్కుని తనే వేసింది.