ముప్పై అయిదు నిమిషాల దూరం

శనివారం పొద్దున్నే పాగోపాగోలో తిరేసా ఇంట్లో కోకో మరుగుతోంది. భర్త అలెకి గిన్నె దించి, "రెండు గుక్కలు తాగి వెళ్ళు. రాత్రి కూడా ఏం తినలేదు" అన్నాడు.

"అమ్మను చూశాక తింటాను."

సముద్రానికి అవతల అపియాలో తల్లి పోయింది. శనివారం రెండు గంటలకు మట్టి అని తమ్ముడు సెఫో ఫోన్లో ముక్తసరిగా చెప్పి పెట్టేశాడు. చేపల ఫ్యాక్టరీలో సెలవు దొరికేసరికి ఇంతయింది. మొగలి ఆకును దారాల్లా చీల్చి, నాలుగేళ్ళు కూర్చుని అల్లిన చాప తిరేసా ఒళ్ళో ఉంది. శవపెట్టె మూసే ముందు పెద్దకూతురు తన చేత్తో కప్పాల్సిన చాప అది.

"దిగులెందుకు? నూట ముప్పై కిలోమీటర్లు, ముప్పై అయిదు నిమిషాలు. మన బస్సు ఫ్యాక్టరీకి చేరడానికే గంట పడుతుంది" అన్నాడు అలెకి.

"అమ్మ మంచాన పడి రమ్మన్నప్పుడూ ఇదే దూరం. వెళ్ళానా?" అంది తిరేసా.

చిన్న విమానం. మనిషినీ మూటనూ కలిపి కాటా మీద నిలబెట్టారు. బరువు ఎక్కువంటే చెప్పులైనా విప్పేస్తాను గాని చాప దించనని ముందే చెప్పేసింది.

అపియాలో దిగాక దారి పొడవునా జనం తెల్లబట్టల్లో నడిచి వెళ్తున్నారు. చర్చి గంటలు మోగుతున్నాయి.

"ఏమిటి విశేషం?" అని టాక్సీ అతన్ని అడిగింది.

"ఆదివారం కదక్కా."

తేదీ మారే గీత ఆ రెండు ఊళ్ళ మధ్య సముద్రంలోనే ఉంది. అక్కడ శనివారమైతే ఇక్కడ ఆదివారం. చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఏడుపులో ఆమెకూ తట్టలేదు, మొగుడికీ తట్టలేదు.

అక్కడి ఆచారం ప్రకారం ఇంటి ముందే కొత్త సమాధి, రాత్రి పొద్దుపోయాక పూసిన తడి సిమెంటు. సెఫో అరుగు మీంచి లేవలేదు.

"వచ్చావా? నిన్న నాలుగింటి దాకా పెట్టె మూయనివ్వలేదు. పాదిరిగారి చేత మాటలు పడ్డాను. ఎనభై ఏళ్ళ అత్తయ్య ఓడలో వచ్చింది. నీకు ముప్పై అయిదు నిమిషాలు భారమైపోయింది."

"శనివారం అన్నావు. శనివారమే బయల్దేరాను."

"ఒక్క ఫోనైనా చెయ్యలేకపోయావా?"

"నువ్వు చేశావా?"

"కన్నతల్లిని చూడ్డానికి రమ్మని నిన్ను బతిమాలాలా?"

తిరేసా సమాధి పక్కన చతికిలబడి, చాపను గుండెకు హత్తుకుని ఏడ్చింది. అమ్మ ముఖం ఇక ఎప్పటికీ చూడలేదు. తన చేత్తో కప్పలేదు.

సెఫో గొంతు తగ్గించి, "శనివారమే బయల్దేరావా?" అన్నాడు.

"ఆ."

అతని ముఖం పాలిపోయింది. అరుగు దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. "మాకు శనివారం, మీకు శుక్రవారం అని చెప్పాల్సింది. నోటికి రాలేదక్కా. పెళ్ళికైనా పుట్టినరోజుకైనా ఇన్నేళ్ళూ ఫోన్లో ఆ లెక్క చెప్పేది అమ్మే."

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని చాప విప్పారు.

"సిమెంటు ఆరలేదక్కా, అంటుకుపోతుంది."

"పోనీరా. అమ్మదేగా."